పెళ్లిచూపులకే రేషన్ కార్డు

మా ఊరి పేరు మీద ఒక కంప్యూటర్ ఉంది. అంగట్లో దొరకదు, చేతికి తగలదు. నా ల్యాప్‌టాప్‌లో నాలుగు వందల చిల్లర లైన్ల సీ ప్రోగ్రాముగా పడి ఉంటుంది. పేరు మొగుడంపల్లి. రెండు కోర్ల రిస్క్-ఫైవ్ ప్రాసెసర్, 128 మెగాబైట్ల మెమరీ, ఒక సీరియల్ పోర్టు, ఒక గడియారం, కరెంటు ఆపడానికి నేను కల్పించిన ఒక మీట. అంతే దాని సంసారం. క్యూఎమ్యు అనే ఎమ్యులేటర్‌కు ఈ పేరు చెబితే ఆ లేని యంత్రాన్ని నిలబెట్టి, దాని మీద లినక్స్‌ను నడిపిస్తుంది. తాను కూర్చున్నది నిజం బోర్డు మీద కాదని లినక్స్‌కు తెలియదు.

రాయడం పెద్ద పనేం కాదు. దసరాకు ఊరికి పోయిన రోజు మొదలుపెడితే సద్దుల బతుకమ్మ నాటికి లాగిన్ ప్రాంప్టు కనిపించింది. ఆ సంబరంలో, క్యూఎమ్యుతో పాటు వచ్చే టెస్టులన్నీ ఒకసారి నడుపుదామని ఒక కమాండు కొట్టాను. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఆ ఎరుపు పోగొట్టడానికి యంత్రం రాసినదానికి రెండింతల రోజులు పట్టింది. పండుగ అయిపోయింది, జమ్మి ఆకులు ఎండిపోయాయి, నేను ఇంకా వరండాలోనే ఉన్నాను. 

ముందు ఈ ఎమ్యులేటర్ సంగతి చెప్పాలి. జహీరాబాద్‌లో అల్లం బేరం ఎప్పుడైనా వినండి. అవతలి జిల్లా బీదర్, రాష్ట్రం కర్ణాటక. ఒకరు కన్నడంలో అడిగితే ఇంకొకరు ఉర్దూలో లెక్క చెబుతారు, చీటీ తెలుగులో పడుతుంది. ఎవరూ ఆగి నిఘంటువు చూడరు. రోజూ వచ్చే మాట ఒకసారి తెలిశాక రెండోసారి వెతుక్కోరు. ఎమ్యులేటర్ లోపల జరిగేదీ దాదాపు ఇదే. రిస్క్-ఫైవ్ భాషలో ఉన్న ఆదేశాల ముక్కను చదివి, నా ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి, ఆ మార్పును దాచుకుంటుంది. అదే ముక్క మళ్లీ వస్తే దాచుకున్నదే వాడుతుంది. ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెల్లార్ 2003లో క్యూఎమ్యును బయటపెట్టినప్పుడు దాని వేగానికి మూలం ఈ అనువాద పద్ధతే. 2005లో యూజ్‌నిక్స్ సదస్సులో ఆయన చదివిన పత్రం కూడా దాని గురించే.

కానీ అనువాదకుడు ఒక్కడుంటే అంగడి కాదు. ప్రాసెసర్ చుట్టూ బోర్డు ఉండాలి. ఏ చిరునామాకు రాస్తే అక్షరం సీరియల్ పోర్టులోకి పోతుంది, మెమరీ ఎక్కడ మొదలవుతుంది, ఏ పరికరం ఏ ఇంటరప్టు తీగ మీద పిలుస్తుంది అన్న ఈ ఇంటి ప్లానునే మెషిన్ టైప్ అంటారు. మొగుడంపల్లిలో మెమరీ, హెక్సా లెక్కలో, ఎనిమిది పక్కన ఏడు సున్నాల దగ్గర మొదలవుతుంది. సీరియల్ పోర్టు ఒకటి పక్కన ఏడు సున్నాల దగ్గర. ఇవి నా సొంత తెలివి కాదు. క్యూఎమ్యులో రిస్క్-ఫైవ్‌కు ఉన్న వర్ట్ అనే ఊహాయంత్రం నుంచి ఎత్తుకొచ్చినవి. కొత్త బోర్డు రాసేవాళ్లందరూ పాత బోర్డును కాపీ చేసే మొదలుపెడతారు. పాత బోర్డు మీద రాసినవాళ్ల పేర్లు కొత్త ఫైలు నెత్తిన కూడా ఉంచడం మర్యాద.

రిస్క్-ఫైవ్ క్యూఎమ్యును నీలో ఏ యంత్రాలున్నాయని అడిగితే ఒక జాబితా ఇస్తుంది. అందులో శక్తి-సి అని ఒక పేరుంటుంది. ఐఐటీ మద్రాస్‌లో రూపొందిన శక్తి ప్రాసెసర్‌కు బోర్డు అది. 2021 ఆగస్టులో వచ్చిన 6.1 విడుదలలో చేరింది. ఈ మధ్య చేరినవాటిలో ఏఎండీ-మైక్రోబ్లేజ్-వి-జెనరిక్ ఒకటి. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రమున్న జైలింక్స్‌ను ఏఎండీ 2022లో కలుపుకుంది. ఆ జైలింక్స్ వంశంలోని మైక్రోబ్లేజ్ ప్రాసెసర్ రిస్క్-ఫైవ్ వేషం వేసుకుంటే దానికి కావలసిన బోర్డు ఇది, 2025 నాటి 10.0 విడుదలలో కనిపిస్తుంది. ఈ జాబితాలో, నా ల్యాప్‌టాప్‌లో మాత్రం, మొగుడంపల్లి కూడా ఉంటుంది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మాది సంగారెడ్డి జిల్లాలో కొత్త మండలం అయింది. ఆ మండలాల జాబితాలో మా పేరు చూసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఈ జాబితాలో చూసుకున్నప్పుడూ కలిగింది.

ఆ లాగిన్ ప్రాంప్టు కూడా ఊరికే రాలేదు. మొదట కెర్నెల్ మాటలన్నీ చకచకా వచ్చాయి. మెమరీ ఇంత, కోర్లు రెండు, గడియారం దొరికింది, డిస్కు ఇమేజి తెరిచాను, ఇదిగో మొదటి ప్రోగ్రామును నడుపుతున్నాను అంది. ఆ తర్వాత మౌనం. ఆగిపోయిందని ఎవరైనా అంటారు. నిజానికి ఆగలేదు, నోరు పడిపోయింది. కెర్నెల్ తన మాటలను సీరియల్ పోర్టు ఖాళీ అయిందా లేదా అని తానే పదేపదే చూసుకుంటూ ఒక్కో అక్షరం నెడుతుంది. మామూలు ప్రోగ్రాముల మాటలు అలా పోవు. ఖాళీ అయ్యానని పోర్టు ఇంటరప్టు కొడితేనే కదులుతాయి. నేను కెర్నెల్‌కు ఇచ్చిన పరికరాల పట్టీలో ఇంటరప్టు సంఖ్య 10 అని రాసి, బోర్డులో తీగను 11కు కలిపాను. కెర్నెల్ పదో తలుపు దగ్గర కాచుకుని ఉంది, పోర్టు పదకొండో తలుపు కొడుతోంది. లోపం బోర్డు కట్టే చోట ఉంది, లక్షణం లినక్స్ అంతా లేచాక కనిపించింది. టెస్టుల దగ్గర ఇదే కథ ఇంకా ముదురు రూపంలో ఎదురైంది.

టెస్టులు నడిచే తీరు వేరు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నేను యంత్రాన్ని ఆన్ చేసి లినక్స్‌ను లేపుతాను. టెస్టుకు లినక్స్ అక్కర్లేదు, కెర్నెల్ అక్కర్లేదు. క్యూటెస్ట్ అనే పద్ధతిలో ప్రాసెసర్ ఒక్క ఆదేశం కూడా నడపదు. టెస్టు ప్రోగ్రామే పక్క నుంచి ఒక సాకెట్ ద్వారా, ఈ చిరునామాకు ఇది రాయి, అక్కడ ఏముందో చదివి చెప్పు, ఇంటరప్టు తీగ లేచిందా అని అడుగుతుంది. యంత్రం లోపలి గడియారం కూడా టెస్టు జరపమంటేనే జరుగుతుంది. ఊరి మెకానిక్ ఇంజను స్టార్టు చేయకుండా చేత్తో తిప్పి చూసినట్టన్నమాట.

మొదటి ఫెయిల్ అక్కడే. క్యూఎమ్యులో ప్రతి యంత్రాన్నీ ఒక్కొక్కటిగా నిలబెట్టి, లోపలున్న ప్రతి వస్తువునూ, ప్రతి వస్తువుకున్న ప్రతి గుణాన్నీ చదివి చూసే టెస్టు ఒకటుంది. సరిహద్దు చెక్‌పోస్టు లాంటిది. సరుకు ఏదైనా, బండి ఎవరిదైనా ఆపి తీరాలి. నా యంత్రం వంతు రాగానే, కెర్నెల్ ఫైలు ఇవ్వలేదు అని కసిరి వెళ్లిపోయింది. ఆ కసురు నేను రాసిందే. కెర్నెల్ లేకుండా బోర్డు ఎవరు లేపుతారులే అనుకున్నాను. ఎవరో కాదు, టెస్టు లేపుతుంది. క్యూటెస్ట్ నడుస్తున్నప్పుడు ఆ షరతు వదిలేయమని ఒక లైను చేరిస్తే సరిపోయింది. ఇరవై నిమిషాల పని. ఇట్లే ఉంటే సాయంత్రానికి అయిపోతుందనుకున్నాను.

నాయిన పొలం నుంచి వచ్చి, "ఇంకా గాలేదా బిడ్డా?" అన్నాడు. 

"ఇగ అయితది నాయినా. ఒక్కటే మిగిలింది."

ఆ ఒక్కటి నాలుగు రోజులు తిన్నది.

ఎర్రగా మిగిలింది పరికరాలను పలకరించే టెస్టు. క్యూఎమ్యులో ఉన్న పరికరాల జాబితా తెప్పించుకుని, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి, నీకు ఏయే సెట్టింగులున్నాయని అడుగుతుంది. జవాబు రావాలంటే ఆ పరికరాన్ని ఒక్క క్షణం మెమరీలో తయారుచేయాలి. జవాబు రాగానే తీసేయాలి. ఇదంతా ఒకే క్యూఎమ్యు ప్రాసెసులో జరుగుతుంది. జాబితాలో సగం దాటాక ఒక యూఎస్‌బీ పరికరం దగ్గర క్యూఎమ్యు కుప్పకూలింది. ఆ యూఎస్‌బీ పరికరాన్ని నేను ముట్టుకోలేదు. నా బోర్డులో యూఎస్‌బీయే లేదు. ఇంకా విచిత్రం, ఈ టెస్టు యంత్రంగా వాడుకున్నది మొగుడంపల్లిని కాదు. క్యూఎమ్యులో నన్ అనే యంత్రముంది. ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు, యంత్రం లేని యంత్రం. నా బోర్డు నిద్రలేవనే లేదు, నేను ముట్టని పరికరం చచ్చింది, కానీ నా మార్పులు తీసేస్తే అంతా పచ్చగా ఉంది.

మొదటి రోజు ఆ యూఎస్‌బీ కోడు చదువుతూ కూర్చున్నాను. డీబగ్గర్‌లో కూలిన చోటు స్పష్టంగా కనిపిస్తోంది. ఒక పాయింటరు ఉండాల్సిన చోట చెత్త ఉంది. కూలిన చోటు అంత స్పష్టంగా ఉన్నప్పుడు చూపు అక్కడి నుంచి మళ్లదు. ఆ ఫైలు పదేళ్ల పాతది, ఎన్నో వేల మంది వాడుతున్నది. దానిలో తప్పుందని నమ్మడం కంటే నా కొత్త కోడును అనుమానించడం న్యాయం. తెలుసు. అయినా రోజంతా అక్కడే గడిపాను.

రెండో రోజు బైసెక్ట్ చేశాను. నా పని 14 ప్యాచులుగా ఉంది. మధ్య ప్యాచు దగ్గర ఆగి టెస్టు నడపాలి. పాసయితే తప్పు తర్వాతి సగంలో, ఫెయిలయితే ముందు సగంలో. మళ్లీ సగం, మళ్లీ సగం. పద్నాలుగింటికి నాలుగు సార్లు చాలు. వెయ్యి ప్యాచులున్నా పదిసార్లే. అందుకే ఈ పద్ధతంటే ప్రోగ్రామర్లకు ముద్దు. నాలుగో సారికి తొమ్మిదో ప్యాచు దొరికింది. తెరిచి చూస్తే అందులో ఉన్నది ఒక్కటే మార్పు. కరెంటు మీట పరికరానికి ఒక చిన్న అంకె దాచుకునే చోటు చేర్చాను. ఎనిమిది బైట్లు. దాన్ని వాడే కోడు ఇంకా రాయనే లేదు. ఎనిమిది ఖాళీ బైట్లు యూఎస్‌బీని ఎలా చంపుతాయి?

బైసెక్ట్ అబద్ధం చెప్పదు కానీ అడిగినదానికే జవాబిస్తుంది. మనం అడిగింది, ఏ ప్యాచు నుంచి కూలుతోందని. ఏ ప్యాచులో తప్పు పుట్టిందని మనం అడగలేదు, అది అడిగే వీలూ లేదు. రెండూ ఒకటే అనుకోవడం మన పొరపాటు.

మూడో రోజు క్యూఎమ్యునంతా అడ్రెస్ శానిటైజర్‌తో మళ్లీ కట్టాను. ఇది కంపైలర్‌తో వచ్చే కాపలావాడు. ప్రోగ్రాము మెమరీని ముట్టుకున్న ప్రతిసారీ, ఈ చోటు ఇప్పుడు నీదేనా అని చూస్తాడు. ఖాళీ చేసిన చోటును వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతసేపు పక్కన పెడతాడు, ఎవరైనా పాత తాళంచెవితో వస్తారేమోనని. నడక సుమారు రెండింతలు మందగిస్తుంది. అయినా ఈసారి యూఎస్‌బీ దాకా పోనే లేదు. జాబితాలో చాలా ముందు, నా కరెంటు మీట దగ్గరే పట్టేశాడు. చూపించినవి మూడు: ఈ మెమరీలో రాసింది ఇక్కడ, దీన్ని ఖాళీ చేసింది అక్కడ, మొదట తీసుకున్నది ఫలానా చోట. మూడూ నా ఫైలు వైపే వేలు చూపిస్తున్నాయి.

జరిగిందేమిటో దగ్గరగా చూద్దాం. క్యూఎమ్యులో పరికరం పుట్టుక రెండు అంచెల్లో ఉంటుంది. మొదటిది ఇనిట్. వస్తువు తయారవుతుంది, తన సెట్టింగుల పేర్లు చెప్పగలుగుతుంది, అంతవరకే. రెండోది రియలైజ్. అప్పుడు బోర్డులో కూర్చుంటుంది, తీగలు కలుస్తాయి, బాధ్యతలు మొదలవుతాయి. మొదటిది పెళ్లిచూపులు, రెండోది పెళ్లి. పెళ్లిచూపుల్లో పేరు, చదువు, గోత్రం అడగొచ్చు, కాఫీ తాగొచ్చు. నచ్చకపోతే లేచిపోవచ్చు. ఎవరికీ ఏ బాకీ ఉండకూడదు. 

నేనేం చేశానంటే, యంత్రంలోని కరెంటు మీటలన్నింటినీ ఒక గొలుసు జాబితాలో పెట్టి, ఎవరైనా యంత్రాన్ని ఆపమంటే ఆ జాబితా వెంట నడిచేలా రాశాను. మీట ఆ జాబితాలో చేరేది ఎప్పుడు? ఇనిట్‌లో. అంటే పెళ్లిచూపులకు పోయిన పిల్లాడి పేరు ఆ సాయంత్రమే అమ్మాయి వాళ్ల రేషన్ కార్డులో ఎక్కించాను. సంబంధం కుదరక పోయినా పేరు తీసేవాళ్లు లేరు.

గొలుసు జాబితాలో ప్రతి కొక్కెం తన ముందువాణ్నీ వెనకవాణ్నీ గుర్తుపెట్టుకుంటుంది. టెస్టు నా మీటను రెండుసార్లు పలకరిస్తుంది, ఒక్కోసారి ఒక్కో దారిలో. మొదటిసారి మీట పుట్టింది, జాబితాలో చేరింది, జవాబిచ్చింది, దాని మెమరీ ఖాళీ అయింది. జాబితా తల మాత్రం ఇంకా ఆ ఖాళీ చోటునే చూపిస్తోంది. రెండోసారి కొత్త మీట పుట్టి జాబితా ముందు చేరబోతూ, ఆనవాయితీ ప్రకారం పాత మొదటివాడికి, ఇక నీ ముందున్నది నేను అని రాసింది. రాసిన చోటు ఇప్పుడు అతనిది కాదు. లాడ్జిలో గది ఖాళీ చేసిన మనిషికి చీటీ పడేస్తే కొత్తగా దిగినవాడి సామాన్ల మీద పడినట్టు, ఆ ఎనిమిది బైట్ల పాయింటరు ఆ చోట కొత్తగా ఉన్న సమాచారం మీద పడింది.

ఆ చోట ఎవరూ లేకపోతే ఏమీ కాదు. ఎనిమిదో ప్యాచు దాకా అదే జరిగింది. తప్పు పుట్టింది ఆరో ప్యాచులో, మీటను చేర్చినప్పుడే. తొమ్మిదో ప్యాచులో నేను ఎనిమిది బైట్లు చేర్చేసరికి మీట సైజు పెరిగింది. మెమరీ పంచే లైబ్రరీ దానికి వేరే సైజు గదుల వరసలో చోటిచ్చింది. ఆ వరసలో ఇరుగుపొరుగు వేరు. వాళ్లలో ఒకరి సంగతులు యూఎస్‌బీ పరికరం తర్వాత చదువుకోవాల్సినవి. అది చదివింది, చచ్చింది. బైసెక్ట్ తొమ్మిదిని పట్టుకోవడం అందుకే.

దిద్దుబాటు రెండు లైన్లు. జాబితాలో చేర్చే మాటను ఇనిట్ నుంచి రియలైజ్‌లోకి జరిపాను. తీసేసే మాటను అన్‌రియలైజ్‌లో పెట్టాను. పెళ్లయ్యాకే కార్డు, విడిపోతే పేరు కొట్టివేత.

క్యూఎమ్యు పరికరాలు రాసేవాళ్లకు ఈ పలకరింపు టెస్టు అంటే ఎందుకు గుబులో నాకు అప్పుడు అర్థమైంది. యంత్రం పనిచేస్తోందా అని అది అడగనే అడగదు. నిన్ను ఊరికే చూసి పోతే నువ్వు వెనక ఏమైనా వదిలావా అని అడుగుతుంది. పలకరింపుకు ముందు, తర్వాత యంత్రం లోపలి వస్తువుల చెట్టును అచ్చువేసి రెండూ పోల్చేది కూడా అందుకే. నా లినక్స్ వెయ్యిసార్లు లేచినా ఈ తప్పు బయటపడేది కాదు, ఎందుకంటే మామూలు నడకలో ప్రతి పెళ్లిచూపూ పెళ్లితోనే ముగుస్తుంది.

అన్నీ పచ్చబడ్డాయనుకున్న రాత్రి కరెంటు పోయింది. టెస్టులు నడుస్తున్నాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి వచ్చి, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది. నలభై నిమిషాల తర్వాత చూస్తే చెక్‌పోస్టు టెస్టు ఎర్రగా ఉంది. ఈసారి కూలలేదు, గడువు దాటింది. ప్రతి టెస్టుకూ ఇంత సమయమని కేటాయింపు ఉంటుంది. ఈ టెస్టు అన్ని యంత్రాలనూ లేపుతుంది కాబట్టి యంత్రాలు పెరిగేకొద్దీ దాని ప్రయాణం పెరుగుతుంది. ఆర్మ్ బోర్డులే యాభై దాకా ఉన్నాయి. దానికి తోడు నా క్యూఎమ్యు ఇంకా శానిటైజర్‌తో కట్టిందే. మూడూ కలిసి గడువును దాటించాయి. గడువును కొన్ని రెట్లు పెంచే మీట టెస్టు నడిపే సాధనంలోనే ఉంది. పెంచాను, పాసయింది.

అలా పెంచడం ఈసారి తప్పు కాదు. కానీ ఆ మీట నొక్కే ముందు చేయి కొంచెం ఆగాలి. పొలం కాడ స్టార్టర్ మాటిమాటికీ కొట్టేస్తుంటే కొందరు దానికి పుల్ల అడ్డం పెట్టి మోటరు నడుపుతారు. మూడు ఫేజుల్లో ఒకటి పోయిందని స్టార్టర్ చెబుతోంది. పుల్ల పెట్టినవాడు దాని నోరు మూసి నీళ్లు పారించుకుంటాడు, వారానికి వైండింగ్ కాలుతుంది. నాయిన ఆ పని ఒకసారే చేశాడు. రివైండింగ్ షాపు వరకు మోటరును మోసుకుపోయింది నేనే.

పుల్ల పెట్టాలన్న బుద్ధి ఎక్కువగా పుట్టేది జవాబుల కీ ఉన్న టెస్టుల దగ్గర. కంప్యూటర్ లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి ఏసీపీఐ పట్టికలు ఇస్తుంది, ఈ ఇంట్లో ఇవిగో గదులు, ఇవిగో మీటలు అని. క్యూఎమ్యు ప్రాజెక్టులో ఆ పట్టికల అసలు ప్రతులు బైటు బైటుగా దాచి ఉంటాయి. కొత్తగా పుట్టిన పట్టిక వాటితో ఒక్క బైటు తేడా వచ్చినా టెస్టు ఫెయిల్. కొత్త మెషిన్ టైప్ చేరిస్తే తేడా రావడం సహజం కూడా. కీని తిరిగి తయారుచేసే స్క్రిప్టు పక్కనే ఉంది, ఒక్క కమాండు. కానీ అలా చేస్తే మన జవాబును బట్టి కీ దిద్దుకున్నట్టే. అందుకని అక్కడి పద్ధతి మూడు మెట్లు. ముందు ఒక ప్యాచులో, ఫలానా పట్టికలు మారబోతున్నాయని ఒక చీటీలో పేర్లు రాసిపెట్టాలి. రెండో ప్యాచులో అసలు మార్పు. మూడో దానిలో కొత్త కీ పెట్టి, చీటీ ఖాళీ చేయాలి. ఆ పట్టికను మనిషి చదవగల రూపంలోకి విప్పి, ఏ లైను ఎందుకు మారిందో కమిట్ సందేశంలో చూపించాలి. విసుగు పుట్టించే తతంగం. కానీ పుల్ల పెట్టేవాడు కనీసం పుల్ల చూపించి పెట్టాలన్న నియమం నాకు నచ్చింది.

ఇంత పట్టింపు ఎందుకంటే మెషిన్ టైప్ ఒకసారి విడుదలైతే అది మాట ఇచ్చినట్టే. పెద్ద డేటా సెంటర్‌లో నడుస్తున్న వర్చువల్ మెషిన్‌ను ఆపకుండానే ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు తరలిస్తారు. అవతలి సర్వరులో కొత్త క్యూఎమ్యు ఉండొచ్చు. లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు మాత్రం నడిమధ్యలో ఇల్లు మారినట్టు అనిపించకూడదు. అందుకే ఇంటెల్ 1996 నాటి ఐ440ఎఫ్‌ఎక్స్ చిప్‌సెట్‌ను అనుకరించే పాత పీసీ యంత్రం ప్రతి విడుదలకూ ఒక కొత్త నంబరుతో వస్తుంది, పాత నంబర్లు పాత అలవాట్లతోనే ఉంటాయి. కొత్త విడుదలలో ఏ పరికరం ప్రవర్తన మారినా, పాత నంబరు యంత్రానికి దాని పాత ప్రవర్తనను గుర్తుచేసే పట్టీలో ఒక వరుస చేర్చాలి. మరిచిపోతే ఆ యంత్రం బాగానే లేస్తుంది, అన్నీ బాగానే చేస్తుంది, తరలింపు రోజునే చస్తుంది. ఎన్నేళ్లు ఇలా మోస్తారని ఎవరైనా అడుగుతారు. మూడేళ్లకు పాతదైందని హెచ్చరిక, ఆరేళ్లకు సెలవు అని క్యూఎమ్యు వాళ్లు ఇటీవల కట్టడి చేసుకున్నారు.

నా మొగుడంపల్లికి ఈ బాధలేవీ లేవు. నంబరు లేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు, ప్రాజెక్టుకు పంపలేదు. పంపినా తీసుకోరు. నిజం బోర్డు వెనక లేని యంత్రం ఇప్పటికే వర్ట్ రూపంలో ఒకటుంది, రెండోది ఎందుకంటారు, సబబే. 

ఆ నాలుగు రోజుల్లో ఒక ఆలోచన మాత్రం పట్టుకుంది. హైదరాబాద్‌లో 1967లో పెట్టిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు, పన్నెండు బిట్ల యంత్రం. దాన్నెవరైనా ఎమ్యులేటర్‌లో మళ్లీ నిలబెట్టాలనుకుంటే కోడు రాయడం కష్టం కాదు. మాన్యువల్ దొరికితే ఒక విద్యార్థి ఒక సెమిస్టరులో రాస్తాడు. ఆ తర్వాత టెస్టు రాయాలి, టెస్టుకు కీ కావాలి. కూడికలో అంకె పొంగిపోతే ఆ యంత్రం ఏ జెండా ఎత్తేది? సగం చదివిన పేపరు టేపు మధ్యలో చిరిగితే ఏం చేసేది? మాన్యువల్ ఒకటి చెప్పి, నిజం యంత్రం ఇంకొకటి చేసిన సందర్భాలు ఏ కంప్యూటర్‌కైనా ఉంటాయి. వాటి జవాబులు ఆ యంత్రాల ముందు కూర్చున్న వాళ్ల చేతులకు తెలుసు. ఇప్పుడు వాళ్లకు ఎనభై దాటి ఉంటాయి.

చివరి రోజు శానిటైజర్ తీసేసి, క్యూఎమ్యును మామూలుగా కట్టి, టెస్టులన్నీ మొదటి నుంచి నడిపాను. నాయిన పక్కన కుర్చీలో చెరకు నరుకుడు కూలీల లెక్క రాసుకుంటున్నాడు. తెర మీద యంత్రాల పేర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. శక్తి-సి పాసు. స్పైక్ పాసు. వర్ట్ పాసు. 

"గా మిషన్ ఇంతకు ఏం జేస్తది బిడ్డా?"

"లేస్తది నాయినా. పేరు అడుగుతది. ఆఫ్ జేయమంటే ఆఫ్ అయితది."

"గంతేనా?" అని మళ్లీ లెక్కలో పడ్డాడు. మొగుడంపల్లి పాసు అన్న లైను అప్పటికే పైకి జరిగిపోయింది. తెర మీద ఇంకేవో పేర్లు దిగుతున్నాయి.